ఎవరి చేతి మీదుగా వచ్చిన ఎమిలీ?

అనువాదాల్ని సరిచూసి అచ్చుకి సిద్ధం చేయడం నా పని. కొన్నేళ్ళ క్రితం నా దగ్గరికొచ్చిన ఒక రాతప్రతి గురించి రాస్తున్నాను. దాని దగ్గర నేను చేసిన పొరపాటు మరొకరు చేయకుండా ఉంటారేమోనని ఆశ. అనువాదకురాలి అనుమతి తీసుకున్నాను. ఆవిడ ఊరు, ఉద్యోగం, ప్రచురణకర్త వివరాలు వదిలేశాను. కవయిత్రిని మాత్రం దాచాల్సిన పనిలేదు: ఎమిలీ డికిన్సన్.

నేపథ్యం

రాతప్రతిలో అరవై చిల్లర కవితలు, ఇరవై దాకా ఉత్తరాలు, ముందు ముప్ఫై పేజీల జీవిత పరిచయం. అనువాదకురాలికి ఇంగ్లిషు బాగా వచ్చు, తెలుగు ఇంకా బాగా వచ్చు. రెండేళ్ళు తెల్లవారుజామున లేచి చేసిన పని అది.

ఎమిలీ 1830 డిసెంబర్ 10న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం ఆమ్హర్స్ట్‌లో పుట్టింది. 1886 మే 15న పుట్టిన ఇంట్లోనే పోయింది. తండ్రి ఎడ్వర్డ్ లాయరు, ఆమ్హర్స్ట్ కాలేజీ కోశాధికారి, ఒక విడత అమెరికా కాంగ్రెస్ సభ్యుడు. అన్న ఆస్టిన్, చెల్లెలు లవీనియా. ఆస్టిన్ 1856లో ఎమిలీ స్నేహితురాలు సూజన్ గిల్బర్ట్‌ని పెళ్ళాడి పక్కింట్లోనే కాపురం పెట్టాడు. ఎమిలీ రాసిన కవితలు దాదాపు 1,800. బతికుండగా అచ్చయినవి, మనకి తెలిసినంతవరకు, పదే. అవీ పేరు లేకుండా.

వచ్చిన సమస్య

ప్రచురణకర్త ఇద్దరి చేత చదివించారు. ఒకరు 'కవితలన్నీ ఒకేలా ఉన్నాయి' అన్నారు. రెండో ఆయన మాట ఇంకా సూటిగా తగిలింది: 'ఎవరికి రాసిన ఉత్తరమైనా ఒకే గొంతు. ఈవిడ ఎందుకు గొప్పదో నాకు తెలియలేదు.'

నేను చదివితే నాకూ అలాగే అనిపించింది. ఒక్క వాక్యంలోనూ తప్పు లేదు, ఒక్క వాక్యమూ నిలవలేదు. పరిచయంలో ఎమిలీ ప్రేమలో విఫలమై, తెల్లబట్టలు కట్టి, గది దాటకుండా జీవితం గడిపిన సన్యాసిని. తర్వాత వచ్చే ప్రతి కవితా ఆ సన్యాసిని నిట్టూర్పులాగే వినిపించింది.

మొదట చేసినవి

ఇది తెలుగు సమస్యే అనుకున్నాను. వచ్చిన ఫిర్యాదు తెలుగు చదివినవాళ్ళది, నాకు చేతనైనదీ తెలుగే. ఇద్దరం కూర్చుని మాటలు మార్చాం. 'హిమవృత్తంపై నిశ్శబ్ద బిందువుల వలె' లాంటి పంక్తుల్ని నేలమీదికి దించాం. చదవడం తేలికైంది. కవిత మాత్రం లేచి కూర్చోలేదు.

తర్వాత ఛందస్సు. ఇది అనువాదకురాలి ఆలోచన, అందులో తర్కం ఉంది. ఎమిలీ ఎక్కువగా వాడింది చర్చి కీర్తనల నడక: ఎనిమిది అక్షరాల పాదం, ఆరు అక్షరాల పాదం, మళ్ళీ ఎనిమిది, ఆరు. అక్కడివాళ్ళకి చిన్నప్పటినుంచీ చెవిలో ఉన్న దరువు. మన చెవికి అలా పట్టిన గురజాడ ముత్యాల సరం వాడితే? పన్నెండు కవితలు మూడూ నాలుగూ మాత్రల నడకలో పెట్టారు. బిగ్గరగా చదివితే హాయిగా ఉంది. ఆ హాయే చెడగొట్టింది. ఎమిలీ ఆ నడకని తీసుకున్నది మధ్యమధ్య గీత గీసి విరవడానికి. మన సరంలో ఆ విరుపులు మునిగిపోయాయి. మాత్రలు నిండక 'కదా', 'సుమ్మీ', 'మరి' అంటూ పాదపూరణలు చేరాయి. ఒక్క మాట తీసేస్తే కూలిపోయేలా రాసిన మనిషి కవితలో తీసేసినా ఏమీ కాని మాటలు.

మూడోది నా ఆలోచన. ప్రతి కవిత కింద దానికి సంబంధం ఉందనిపించిన ఉత్తరంలోంచి నాలుగు వాక్యాలు వేద్దాం, పాఠకుడికి తాళంచెవిలా పనికొస్తుంది అన్నాను. ఇది అన్నిటికంటే ఎక్కువ హాని చేసింది. కవితలోని 'నేను' అంతా ఉత్తరం రాసిన 'నేను' అయిపోయింది. ఎమిలీయే ఈ పని చేయొద్దని చెప్పింది కదా! 1862 జులైలో రచయిత, విమర్శకుడు థామస్ వెంట్‌వర్త్ హిగ్గిన్సన్‌కి రాసిన ఉత్తరంలో, పద్యం తరఫున నన్ను నేను చెప్పుకున్నప్పుడు అది నేను కాదు, ఊహించుకున్న ఒక మనిషి అని స్పష్టంగా రాసింది. ఆ ఉత్తరం మా రాతప్రతిలోనే ఉంది. నేను దాన్ని రెండుసార్లు దిద్దాను కూడా. దిద్దుతూ వినిపించుకోలేదు.

దారి దొరికిన చోట

ఒక సాయంత్రం మృత్యువు బండి కవిత దగ్గర కూర్చున్నాం. అనువాదకురాలి మొదటి ప్రతిలో యమధర్మరాజు వచ్చి ఆగుతాడు. యముడనగానే మనకి దున్నపోతు, పాశం, చిత్రగుప్తుడి చిట్టా కళ్ళముందుకొస్తాయి. ఈ కవితలో వచ్చేది మర్యాదస్థుడు. బండి ఆపి, ఎక్కించుకుని, తొందర లేకుండా తీసుకెళ్తాడు. అందుకని యముణ్ణి తీసేశాం. 'మృత్యువు ఆగింది' అంటే ఆ పెద్దమనిషి పోతాడు, మన క్రియ ఆయన్ని 'అది' చేసేస్తుంది. చివరికి ఇలా నిలిచింది:

మృత్యువు కోసం ఆగడం నాకు కుదరలేదు —
ఆయనే దయతలచి నా కోసం ఆగాడు —

'ఆయనే' దగ్గర ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. మిగతా చరణాలు అదే ఊపులో చేద్దామని లెక్కపెట్టాను. అయిదు. కాలేజీలో నేను చదువుకున్నదాంట్లో ఆరు. ఈ కవిత ఎక్కడినుంచి తీసుకున్నారు అని ఆవిణ్ణి అప్పుడడిగాను. మొదటి రోజే అడగాల్సిన మాట అది. అంతవరకూ నాకు తోచలేదు.

ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ప్రతి నుంచి, అన్నారు. అంటే హక్కుల కాలం ముగిసిన పాత పాఠం. 1890లో బోస్టన్‌లో అచ్చయిన మొదటి సంపుటిది. అందులో ఈ కవితకి 'రథం' అని పేరు పెట్టారు. ఎమిలీ పేరేమీ పెట్టలేదు. బడిపిల్లలు విరామంలో గుండ్రంగా చేరి పోటీపడుతున్నారని ఆవిడ రాస్తే, పాఠాలు అయీ కాకముందే ఆడుకుంటున్నారని మార్చారు. నాలుగో చరణం ఎత్తేశారు. అంతకుముందు పంక్తిలో బండి అస్తమించే సూర్యుణ్ణి దాటుతుంది. వెంటనే ఇది:

కాదు — అతనే మమ్మల్ని దాటిపోయాడు —
మంచు వణుకుతూ చల్లగా దిగింది —
నా గౌను వట్టి సాలెపట్టు —
భుజాన కప్పుకున్నది — పలచటి వల —

ఈ చరణం లేకపోతే కవిత సాయంకాలపు షికారు. ఉంటే, తనే ముందుకి పోతున్నాననుకున్న మనిషికి తనని దాటి సూర్యుడు వెళ్ళిపోయాడనీ, తన ఒంటిమీద చలికాగే బట్ట లేదనీ ఒక్కసారిగా తెలుస్తుంది. చావు మొదలయ్యేది ఇక్కడే. ఇంగ్లిషులో మృత్యువుకీ సూర్యుడికీ ఒకటే సర్వనామం. తెలుగులో మృత్యువు 'ఆయన', సూర్యుడు 'అతను' అయ్యారు. మన భాష అడగకుండానే ఇచ్చిన సాయం అది. 'మేము' కూడా అలాంటిదే. 'మనం' అంటే పాఠకుణ్ణీ బండెక్కించినట్టవుతుంది. ఆ బండిలో ఉన్నది ఆవిడ, ఆయన, అమరత్వం మాత్రమే.

అంటే రెండేళ్ళపాటు అనువాదకురాలు కష్టపడింది వేరేవాళ్ళు నునుపు చేసిన పాఠం మీద. కవితలన్నీ ఒకేలా ఉన్నాయన్న పాఠకుడు సరిగ్గానే చెప్పాడు. ఒకే గరిట తిరిగిన వంటలు మరి. ఇది చెప్పినప్పుడు ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. వారం తర్వాత ఫోన్ చేసి, మళ్ళీ మొదలుపెడతాను అన్నారు. ఆ మాటకి ఆవిడ మీద నాకున్న గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

ఎవరెవరి చేతులు

ముందుగా కాగితాలు మన దాకా ఎలా వచ్చాయో ఇద్దరం కూర్చుని రాసుకున్నాం. ఎమిలీ పోయాక, ఎమిలీకి వచ్చిన ఉత్తరాల్ని ఆవిడ కోరిక ప్రకారమే లవీనియా కాల్చేసింది. ఆ తర్వాత సొరుగులో కవితలు బయటపడ్డాయి. సుమారు 1858 నుంచి 1864 దాకా శుభ్రంగా తిరగరాసి, కాగితాలు మడిచి దారంతో కుట్టుకున్న 40 చిన్న పుస్తకాలు, ఇంకా విడి కాగితాలు. వాటిని లవీనియా ముందు సూజన్‌కి ఇచ్చింది. సూజన్ ఆలస్యం చేస్తోందని మేబెల్ లూమిస్ టాడ్‌కి అప్పగించింది. ఆమె కాలేజీ ప్రొఫెసర్ భార్య. 1882 నుంచి ఆస్టిన్‌తో ఆమెకి ప్రేమ సంబంధం ఉంది. ఎమిలీని బతికుండగా ముఖాముఖి చూడలేదు. ఊరికి కొత్తగా వచ్చిన 1881లోనే, ఇల్లు దాటని, తెల్లబట్టలు కట్టే, ఊరంతా ఒక పురాణగాథగా చెప్పుకునే మహిళ గురించి తల్లిదండ్రులకి రాసింది. మా పరిచయంలోని సన్యాసిని పుట్టింది ఆ ఉత్తరంలాంటి చోట్లే.

టాడ్‌ని తప్పుపట్టడం తేలిక. నేను పట్టను. ఆ చేతిరాత విప్పి, తిరగరాసి, హిగ్గిన్సన్‌ని ఒప్పించి 115 కవితలతో మొదటి పుస్తకం తెచ్చింది ఆమే. కానీ 1894లో ఆమె తెచ్చిన ఉత్తరాల సంపుటాల్లో సూజన్‌కి రాసినవి లేవు. పాత ఉత్తరాల్లో కొన్నిచోట్ల సూజన్ పేరుని గీకేసిన, కత్తిరించేసిన ఆనవాళ్ళున్నాయి. తర్వాత ఒక స్థలం విషయంలో లవీనియాకీ టాడ్‌కీ కోర్టు గొడవై, టాడ్ తన దగ్గరున్న కాగితాల్ని పెట్టెలో పెట్టి తాళం వేసింది. అలా కాగితాలు రెండు కుటుంబాల మధ్య చీలి, ఒక భాగం హార్వర్డ్‌కీ ఇంకో భాగం ఆమ్హర్స్ట్ కాలేజీకీ చేరాయి. చేతిరాతకి దగ్గరగా మొత్తం కవితలు తెచ్చింది 1955లో థామస్ జాన్సన్, మళ్ళీ 1998లో రాల్ఫ్ ఫ్రాంక్లిన్. 2013 నుంచి ఆ చేతిరాత బొమ్మలు ఎమిలీ డికిన్సన్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు.

మా నిర్ణయం ఇది: ఫ్రాంక్లిన్ పాఠం పెట్టుకోవాలి, ప్రతి కవితకీ చేతిరాత బొమ్మ చూడాలి, అది ఎవరికైనా పంపిందైతే ఎవరికి, ఎప్పుడు అన్నది పక్కన రాసుకోవాలి. హార్వర్డ్ పాఠాలకి హక్కులున్నాయి, అనుమతికి రాయాలి. దానికి పట్టే కాలాన్నీ డబ్బునీ ముందే లెక్క వేసుకున్నాం.

బొమ్మలు చూడగానే ఇంకో సంగతి బయటపడింది. ఎమిలీ చాలాచోట్ల ఒక మాట పక్కన చిన్న ప్లస్ గుర్తు పెట్టి, కాగితం అడుగున దానికి బదులు రాగల మాటలు రాసింది. ఏదీ కొట్టేయలేదు. అచ్చువేసేవాళ్ళు ఒకటి ఎంచుకోక తప్పలేదు. ఆవిడకి ఆ అవసరం రాలేదు.

చలువరాతి గదుల కవిత దగ్గర ఈ పద్ధతి ఫలితం కనపడింది. 1859 ప్రతిలో, పునరుత్థానం కోసం చలువరాతి గదుల్లో నిద్రపోతున్నవాళ్ళ పైన గాలి నవ్వుతుంది, తేనెటీగ చెవిటి చెవిలో వాగుతుంది. 1861లో సూజన్‌కి గాలి, తేనెటీగ ఉన్న ఆ రెండో చరణం నచ్చలేదు. ఎమిలీ కొత్తది రాసి, ఇది నీకు బాగుంటుందేమో అని పక్కింటికి పంపింది. అందులో యుగాలు గంభీరంగా సాగుతాయి, కిరీటాలు రాలతాయి. సూజన్ దానికీ ఒప్పుకోలేదు. మొదటి చరణానికి జత అక్కర్లేదు, దాన్ని తలుచుకున్నాక చలి కాచుకోడానికి పొయ్యి దగ్గరికి వెళ్తాను అని జవాబు రాసింది. ఎమిలీ మళ్ళీ ఇంకోటి రాసి అడిగింది: 'ఇది ఇంకొంచెం గడ్డకట్టిందా?'

ఇంత జరిగాక 1862 మార్చి 1న స్ప్రింగ్‌ఫీల్డ్ రిపబ్లికన్ పత్రికలో పాత గాలి, తేనెటీగ చరణంతోనే ఆ కవిత అచ్చయింది. 1890 సంపుటి పాతదాన్నీ కొత్తదాన్నీ కలిపి మూడు చరణాలు చేసింది. మా రాతప్రతిలోనూ తేనెటీగ వాగుడూ కిరీటాల రాలడమూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. అది ఎమిలీ ఎప్పుడూ రాయని కవిత! కొత్త ప్రతిలో రెండో చరణానికి ఎమిలీ రాసిన ఆ మూడు రూపాల సంవాదాన్నీ, మధ్యలో నడిచిన చీటీలతో సహా వరసగా పెట్టాం. ఆ 'హిమవృత్తం' పంక్తి ఇక్కడిదే. ఇప్పుడిలా ఉంది:

చప్పుడు లేదు — మంచు పళ్ళెం మీద — చుక్కలు —

క్రియ లేదు. గీతల సమస్యకి మాకు దొరికిన జవాబు ఇదే. తెలుగు వాక్యం క్రియ కోసం చివరిదాకా ఎదురుచూస్తుంది. ఆ క్రియని ఆపేస్తే పాఠకుడు గాలిలో ఉండిపోతాడు. ఛందస్సుతో మేము వెతికిన విరుపు మన వాక్యనిర్మాణంలోనే ఉంది. అన్నిచోట్లా ఇలా చేయకూడదు, చేస్తే అదే ఇంకో నునుపు అవుతుంది. మూడో కవితకే ఆవిడకి ఆ అలవాటు పడబోతే ఆపాను.

ఉత్తరాలు

ఒకే గొంతు అన్న ఫిర్యాదు ఎవరికి రాసిందో అడగడంతోనే సగం తీరింది. 1958లో జాన్సన్, థియొడోరా వార్డ్ తెచ్చిన సంపుటాల్లో 1,049 ఉత్తరాలుంటే, 2024లో క్రిస్టాన్ మిల్లర్, డోనల్ మిచెల్ తెచ్చిన ప్రతిలో 1,304 ఉన్నాయి. మేము తీసుకున్నవి ఇరవయ్యే అయినా గొంతులు ఎన్నో.

మొదటి ప్రతిలో అందరికీ 'మీరు'. సూజన్‌కి 'నువ్వు' చేశాం. 1852లో సూజన్ బాల్టిమోర్‌లో టీచరుగా ఉన్నప్పుడు, వచ్చే శనివారం నిజంగా ఇంటికొస్తావా, మునుపటిలా ముద్దుపెడతావా అని అడిగిన మనిషి 'మీరు' అనదు. సూజన్‌కి పంపిన కవితలు 250 దాకా ఉన్నాయి. గదిలో ఒంటరిగా, ఎవరికీ చూపించకుండా రాసిందన్న మాట ఈ ఒక్క లెక్కతో నిలవదు.

హిగ్గిన్సన్ దగ్గర చిక్కు ఎక్కువ. 1862 ఏప్రిల్ 15న నాలుగు కవితలతో, తన పద్యానికి ప్రాణముందో లేదో చెప్పే తీరిక మీకుందా అని ఆయనకి రాసింది. ఉత్తరం కింద సంతకం లేదు. వేరే చిన్న కవరులో ఒక కార్డు మీద పేరు. తర్వాత నాకు గురువుగా ఉంటారా అని అడిగి, 'మీ శిష్యురాలు' అని సంతకం చేసింది. అనువాదకురాలు 'గురువుగారూ' అని రాశారు. తెలుగులో ఆ మాటకి పాదాభివందనం అంటుకుని వస్తుంది. కానీ ఈ శిష్యురాలు ఆయన చెప్పిన ఒక్క దిద్దుబాటూ తీసుకోలేదు. ఇప్పుడే అచ్చుకి తొందరపడొద్దని ఆయనంటే, చేప రెక్కకి ఆకాశమెంత దూరమో నాకు అచ్చు ఆలోచన అంత దూరం అంది. 'మాస్టారూ' అంటే ఆ చనువూ చురుకూ వస్తాయని నేను సరదా పడ్డాను. ఆవిడే ఆపారు. 'మాస్టర్' అని సంబోధిస్తూ ఎమిలీ రాసిన మూడు చిత్తుప్రతులు వేరే ఉన్నాయి. ఎవరికో తెలియదు, పంపినట్టు ఆధారమూ లేదు. హిగ్గిన్సన్‌కి మాస్టారని పెడితే మన పాఠకుడు ఇద్దర్నీ ఒకరే అనుకుంటాడు. అందుకని 'గారు' తీసేసి 'గురువు' మిగిల్చాం. ఆవిడ చెప్పిందే సరి.

పరిచయాన్ని ముప్ఫై పేజీల నుంచి తొమ్మిదికి తగ్గించాం. విఫల ప్రేమ కథ పోయింది. దాని చోట కాగితాల కథ వచ్చింది. యాభై దగ్గరపడ్డాక ఎమిలీ జడ్జి ఓటిస్ లార్డ్‌కి రాసుకున్న చిత్తుప్రతి ఒకటి చేర్చాం. భాషకి మనం అప్పగించే మాటల్లో అన్నిటికంటే అదుపులేనిది 'వద్దు' అని నీకు తెలియదా అని అడుగుతుంది అందులో. నలుపు కేక్ చేసే తీరు చెప్పిన ఉత్తరం కూడా చేర్చాం. 19 గుడ్లు, అయిదు పౌండ్ల ఎండుద్రాక్ష, అరపింటు బ్రాందీ. వంటింట్లో పిండి కలిపి, కొబ్బరి కేక్ చీటీ వెనకాల కవిత రాసిన మనిషిని గదిలో బంధించిన ప్రతిమగా చూపడం నావల్ల కాదు.

తర్వాత నా పనిలో మారినవి

ఇప్పుడు ఏ పాత కవి అనువాదం వచ్చినా మొదటి పేజీ చదవకముందే మూలం ఏ ముద్రణో అడుగుతాను. ఉత్తరాలుంటే, ఎవరెవరికో ఒక జాబితా రాయించి, ఒక్కొక్కరికీ తెలుగు సంబోధన ఖరారయ్యాకే దిద్దడం మొదలుపెడతాను. బాగుంది, కానీ ప్రాణం లేదు అనే మాట పాఠకుడి నుంచి వస్తే తెలుగుని తిట్టుకోవడానికి ముందు మూలం దగ్గరికి వెళ్తాను. అన్ని రాతప్రతులకీ ఈ రోగమే ఉండదు, చాలాసార్లు తెలుగే చెడి ఉంటుంది. కానీ ఏది చెడిందో తెలియకుండా మందు వేసి ఈ కేసులో మూడు నెలలు పోగొట్టాను. ఆవిడవి రెండేళ్ళు.

చివరిగా తేలింది చిట్టచివరి ఉత్తరం. 1886 మేలో పిన్ని కూతుళ్ళు, నార్‌క్రాస్ చెల్లెళ్ళకి ఎమిలీ పంపింది. చిన్నారి చెల్లెళ్ళూ అన్న పిలుపు, ఇంగ్లిషులో రెండే మాటలు — 'కాల్డ్ బ్యాక్' — సంతకం. ఆ రెండు మాటలూ ఎమిలీ అంతకుముందు చదివిన ఒక నవల పేరు కూడా. నేను 'పిలుపొచ్చింది' అన్నాను. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు అనేది అదే. ఆవిడ 'తిరిగి రమ్మన్నారు' అన్నారు. వెనక్కి అన్న అర్థం పోకూడదని. నాలుగు రోజులు అటూ ఇటూ నడిచింది. ఆఖరి ప్రూఫు వచ్చినప్పుడు చూస్తే పేజీలో 'పిలుపొచ్చింది' ఉంది, దాని పక్కన చిన్న ప్లస్ గుర్తు, పేజీ అడుగున 'తిరిగి రమ్మన్నారు'. అచ్చుతప్పు అనుకుని కంపోజర్ దాన్ని తీసేయబోతే, ఉంచమని నేనే చెప్పాను.